వఫ్రా బౌలరు

“నా దుప్పటేదక్కా?”

సుబ్బు గుమ్మంలోనే ఆగిపోయి అడిగాడు. శుక్రవారమైనా కంటైనరు దింపాలని దజీజ్‌లోని గోడౌనుకి పిలిస్తే పొద్దున్నే వెళ్లి, ఇప్పుడే తిరిగొచ్చాడు. హాల్లో కిటికీ పక్కనున్న అతని మంచం మీద ఎవరిదో కొత్త దుప్పటి పరిచి ఉంది. మేకులకి వేలాడే అతని బట్టలన్నీ ఒక సంచీలోకి చేరాయి. ఆ సంచీ వంటింటి గడప పక్కన ఉంది.

వెంకటదుర్గ పొయ్యి మీద నుంచి తల తిప్పలేదు.

“ఉతికి ఆరేసేనురా.”

“మరి సంచీ?”

“నేను సర్దలేదు. మీ బావ సర్దేరు. నువ్వటు ఎల్లగానే.” పులుసులో గరిటె ఒకసారి తిప్పి మంట తగ్గించింది. “వద్దన్నాను. ఎందుకొద్దో కూడా చెప్పేను. నా మాట పూర్తయ్యేలోపు బట్టలు మడతెట్టేసేరు.”

మొగుడూ పెళ్లాల మధ్య అవసరానికి తప్ప మాటల్లేక వారం కావస్తోంది. వఫ్రా నుంచి ఒక బౌలర్ని తెస్తున్నాననీ, ఆ అబ్బాయికి సుబ్బు మంచం ఇస్తాననీ సత్యనారాయణ అన్నం తింటూ చెప్పిన రోజు మొదలైంది ఆ మౌనం. సుబ్బు ఆమెకి సొంత తమ్ముడు. కువైట్‌లో దిగిన దగ్గర నుంచీ ఈ ఫర్వానియా ఫ్లాట్‌లోనే ఉంటున్నాడు. సత్యనారాయణ కెప్టెన్‌గా ఉన్న గోదావరి క్రికెట్ జట్టుకి మొదటి బంతి వేసేది అతనే.

సుబ్బు మంచం మీద కూర్చోబోయి, ఆగి, కింద చాప మీద కూర్చున్నాడు.

“దాని మీదే కూచో. ఇంకా ఎవరూ రాలేదుగా.”

“వద్దులే. చెమట. కొత్త దుప్పటి.”

చొక్కా విప్పుకోవడానికి ఎడమ చెయ్యే వాడుతున్నాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. దుర్గ చూసి, చూడనట్టు మొహం తిప్పుకోబోయింది. వల్లకాలేదు.

“కోపం రాట్లేదేరా నీకు?”

“ఎవరి మీద? బావ మీదా?” సుబ్బు నవ్వబోయాడు. “బంతేసేవాడు లేకపోతే జట్టేముంటాదక్కా? నా భుజం పోయింది. ఫైనల్లో నేనేసిన ఆఖరి ఓవరు నువ్వు చూళ్లేదు. చూసుంటే నువ్వే తీసేసేదానివి.”

కువైట్‌లో ఆట శుక్రవారం సెలవుల్లోనే, ఎండాకాలం అదీ ఉండదు. ఇసక నేల మీద బూటు అడుగు మెత్తబడే ఎండలో ఎవరాడతారు? కానీ ఆట లేని ఆ నెలల్లోనే జట్లు తయారవుతాయి. ఎవరి ఇఖామా, అంటే నివాస అనుమతి, గడువు దగ్గరపడింది, ఎవరికి రూములో పడటం లేదు, ఎవరి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వేరే పనికి వెళ్లనిస్తూ రిలీజ్ ఇచ్చేలా ఉన్నాడు అని కెప్టెన్లు ఆరాలు తీస్తూ తిరుగుతారు. ఒకడికి మంచం ఆశ చూపిస్తారు. ఒకడికి పని ఆశ చూపిస్తారు. చల్లబడి ఆట మొదలయ్యేసరికి నిన్నటి స్నేహితుడు ఎదుటి జట్టు చొక్కాలో కనిపిస్తాడు.

ఈ ఏడు అందరి కళ్లూ ఒక్కడి మీదే పడ్డాయి. వఫ్రాలో టమోటా తోటల మధ్య దారిలో ఒక కుర్రాడు బంతి విసురుతున్న వీడియో ఫోన్లన్నీ తిరిగింది. సత్యనారాయణ కంపెనీ పికప్ వేసుకుని శుక్రవారం శుక్రవారం అంత దూరం వెళ్లొచ్చాడు. కడపవాళ్ల జట్టు కెప్టెన్ నాగేంద్రప్రసాద్ కూడా వెళ్లాడు.

“అక్కా, ఇంకోటుంది.” సుబ్బు గొంతు తగ్గించాడు. “మేనేజరు పిలిచేడు ఇందాక. నా ఇఖామా రెన్యువల్ చెయ్యరంట. నెలాఖరుకి ఖలాస్ అన్నాడు.”

గరిటె పళ్లెంలో పెట్టి దుర్గ ఇటు తిరిగింది.

“అదేంటి? మీ బావ అక్కడే స్టోర్‌కీపరు కదా. ఒక్క మాట చెప్తే...”

“బావే చెప్పేరంట.”

దుర్గ పొయ్యి ఆర్పేసింది.

“కొత్త మనిషిని తీసుకోవాలంటే పాత మనిషి ఎల్లాలి. కంపెనీకి అంతకన్నా లెక్క లేదు. బావ ఒక పేరు తీసి ఇంకో పేరు రాయమన్నారంట.” సుబ్బు చాప అంచు గోరుతో గీరుతున్నాడు. “నాకు తెలిసిందని ఆయనకింకా తెలీదు. అక్కా, ఆ అబ్బాయి ముందు గొడవొద్దు. అంత దూరం నుంచి వత్తన్నాడు. అన్నం తిననీ.”

మెట్ల మీద సత్యనారాయణ గొంతు గట్టిగా వినపడింది. నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో దుర్గకి గుర్తు రాలేదు.

*

“దుర్గా! ఇడుగో, ఇతనే చిన్నపుల్లయ్య. రావయ్యా, రా. మనిల్లే.”

వచ్చినవాడు గడప బయటే చెప్పులు విప్పి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వేళ్ల సందుల్లో టమోటా ఆకుల పసరు నల్లగా ఇంకిపోయి ఉంది. సామానంతా ఒక గోతంలో ఉంది.

“నమస్తే అక్కా.”

“అక్కడ పెట్టు బాబూ. కాళ్లు కడుక్కో. అన్నం వడ్డించేత్తాను.”

సత్యనారాయణ ఒక చోట కూర్చోలేకపోతున్నాడు. “నాగేంద్రప్రసాద్ మొహం చూడాలి దుర్గా! మేం బయటికొత్తంటే తోట గేటు దగ్గర అతని బండుంది. కడప మనిషి కడప జట్టుకే ఆడాలి, నేను బకాలా కొట్లో పనికి కూర్చోబెడతాను అంటాడు. ఈ అబ్బాయేమన్నాడో తెలుసా? ‘నీ కాడ కంపెనీ కాయితం ఉండాదా న్నా?’ అన్నాడు. అంతే! నోరు పడిపోయింది.”

దుర్గ పళ్లేలు పరుస్తోంది. అతను ఆమె మొహంలోకి చూసి, అక్కడ ఏమీ దొరక్క, సుబ్బు వైపు తిరిగాడు.

“ఏరా, కంటైనరు దిగిందా?”

“దిగింది బావా.”

నలుగురూ చాప మీద కూర్చున్నారు. జుబైదీ చేపల పులుసు, పప్పు, అప్పడాలు. చిన్నపుల్లయ్య ముద్ద ముద్దకీ ఆగి ఆగి తింటున్నాడు.

“వఫ్రాలో ఎన్నాళ్ల నుంచి బాబూ?” అని అడిగింది దుర్గ.

“నాలుగేండ్లు దాటింది అక్కా. టమోటా, కీరా. అంతా ప్లాస్టిక్ డేరాల లోపలే. మాది రాయచోటి పక్క.”

“క్రికెట్టంటే అంత ఇష్టమా?”

అతను ముద్ద పళ్లెంలోనే ఉంచి ఆలోచించాడు.

“ఇష్టమని కాదక్కా. ఆడ మాట్లాడే మనిషి ఉండడు. బస్సు రాదు. కోపమొచ్చిన పొద్దు ఖాళీ పురుగుమందు డ్రమ్ము నిలబెట్టి బంతితో కొట్టేవాణ్ణి. పడిపోతే మళ్లా నిలబెట్టేవాణ్ణి. అది ఎవురో ఫోన్లో తీసినారు. ఆ పొద్దు నుంచి కార్లు వస్తాండాయి.” కాసేపాగి అన్నాడు, “అంతకు ముందర ఎవురూ రాలా.”

సత్యనారాయణ గట్టిగా నవ్వాడు. “ఇంక డ్రమ్ములుండవు. వికెట్లే.”

“మీ కఫీల్ ఒప్పుకున్నాడా?” దుర్గ మొగుడి మొహం చూడకుండానే అడిగింది.

“ఒప్పుకున్నాడు. ఆదివారం కంపెనీ కాయితం తీసుకుని రమ్మన్నాడు. పోకుంటే మనసు మార్చుకుంటాడు. ఇంతకు ముందు ఒకసారి అట్లే చేసినాడు.” చిన్నపుల్లయ్య సుబ్బు వైపు తిరిగాడు. “నువ్వు గూడా టీమేనా అన్నా?”

“ఆడేవోణ్ణి.”

“ఏం చేసేవాడివి?”

“నువ్వు చేసేదే.”

చిన్నపుల్లయ్యకి అది అర్థమైనట్టు లేదు. తలూపి, మర్యాదగా మాట కలిపాడు.

“నా అదృష్టం న్నా. మీ కంపెనీలో ఎవురో ఊరికి పోతాండాడంట గదా. పాపం, ఆయప్పకు ఏం కష్టమొచ్చిందో. ఆ ఖాళీలోనే నన్ను తీసుకుంటాండారు.”

సత్యనారాయణ చెయ్యి పళ్లెంలో ఆగింది. సుబ్బు అక్క వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

దుర్గ అప్పడం చిన్నపుల్లయ్య పళ్లెంలో వేసి, నెమ్మదిగా చెప్పింది.

“ఎవరో కాదు బాబూ. నీ ఎదురుగానే కూర్చున్నాడు.”

*

“దుర్గా!”

“ఏం, అబద్ధమా?”

“ముందు వినవే! నేను చెబుదామనే...”

“ఎప్పుడు చెప్పేవారు? ఆడు విమానమెక్కేకా?”

“ఎందుకెక్కుతాడు విమానం? సుబ్బుని రోడ్డు మీద పడేత్తాననుకున్నావా?” సత్యనారాయణ నిజంగానే నొచ్చుకున్నాడు. ఈ ఏర్పాటు గురించి ఎంతో ఆలోచించానని, అందరికీ మంచే జరుగుతుందని అతను నమ్మాడు. ఆ నమ్మకం మొహంలో కనిపిస్తోంది. “ఆడికి అంతకన్నా మంచి పని చూసేను. మిష్రిఫ్‌లో, మీ విల్లాలోనే. మీ మామాకి డ్రైవరు కావాలి. నేను మాట్లాడేను.”

దుర్గకి వెంటనే అందలేదు. తను వంట చేసే ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం దాకా నిలబడి, మళ్లీ బస్సెక్కి వచ్చే ఇల్లు. తను మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలితో ఇంతవరకూ ఇతను ఒక్క మాట కూడా మాట్లాడిన మనిషి కాదు.

“మీరు మాట్లాడేరా? మా మామాతో?”

“ఫోన్లో. నెంబరు నీ ఫోన్లోంచే తీసుకున్నాను.” గబగబా చెప్పుకుపోయాడు. “ఏసీ కారు. పిల్లల్ని బడికి దింపడం, తేవడం. గోడౌన్లో పెట్టెలెత్తే పనా ఏమన్నానా? ఆడి భుజానికి ఇదే మంచిది.”

“డ్రైవరుకి శుక్రవారం సెలవుండదు బావా,” అన్నాడు సుబ్బు. ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ బావకి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. “శుక్రవారమే ఎక్కువ తిప్పుతారు.”

“నీకింక శుక్రవారం ఎందుకురా?”

నోరు జారింది. సత్యనారాయణకీ తెలిసింది. సుబ్బు తల వంచుకుని చేప ముల్లు వేరు చేస్తూ కూర్చున్నాడు. చేప ఎప్పుడో అయిపోయింది.

చిన్నపుల్లయ్య పళ్లెం ముందు నుంచి వెనక్కి జరిగాడు. “అన్నా, నాకేం తెల్దు. నిజంగా తెల్దు.”

“నీ తప్పేం లేదయ్యా. తిను,” అన్నాడు సుబ్బు.

దుర్గ మొగుడినే చూస్తోంది. అతను మంచినీళ్ల గ్లాసు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“ఇంకేం మాట్లాడేరు?”

“ఇంకేముంటాది?”

“ఉంది. చెప్పండి.”

“ఏం లేదే. నువ్వూ అక్కడే ఉండిపోతే బాగుంటాదని... అంటే, వారానికోసారి వచ్చేయొచ్చు. బస్సుల్లో పడి నువ్వూ అలిసిపోతన్నావు కదా. కాళ్లు వాచిపోతన్నాయని నువ్వే అంటావు. ఆవిడ గదిత్తాదంట.”

“ఆవిడ అడిగిందా?”

“ఆవిడే అడిగింది. నువ్వుంటేనే నీ తమ్ముణ్ణి తీసుకుంటానంది.”

“మీరేమన్నారు?”

“ఆలోచించుకుని చెబుతానన్నాను.”

“చెప్పేరా?”

అతను గ్లాసు కింద పెట్టాడు.

“చెప్పేరా అండీ?”

“సరేనన్నాను,” అన్నాడు గ్లాసు వైపు చూస్తూ.

దుర్గకి అరవాలనిపించలేదు. అరవడానికి కావాల్సిన ఓపిక ఒంట్లో ఎక్కడా దొరకలేదు. పొద్దున్న నుంచీ నిలబడ్డ కాళ్లు ముందుకు చాపుకుని గోడకి చేరబడింది.

“తమ్ముడి మంచం ఇచ్చేరు. ఆడి పని ఇచ్చేరు. ఇప్పుడు నన్నిచ్చేరు. ఒక్క బౌలరు కోసం ఇంకేమన్నా మిగిలిందా ఇవ్వడానికి?”

“అంత మాటెందుకే. ప్రతి ఏడూ ఫైనల్ దాకా ఎల్లి ఓడిపోతన్నాం. ఎనకమాల ఎలా నవ్వుతారో నీకు తెలీదు. గోడౌన్లో నన్ను చిటికేసి పిలుత్తారు దుర్గా. నిన్నగాక మొన్నొచ్చినోడు కూడా. ఆ గ్రౌండులో ఆ ఒక్క పూట కెప్టెన్ గారూ అంటారు. అది ఉండకూడదా నాకు?”

“ఉండాలి. నేనెప్పుడన్నా కాదన్నానా? ఏ శుక్రవారం కాదన్నాను? మీ పదకొండు మందికీ వండి పంపలేదా? ఎండలో మడమలు పగిలిపోతే మీ కాళ్లకి నేను కాదా నూనె రాసింది?”

అతను తన మడమల వైపు చూసుకున్నాడు. ఆమె చెప్పింది నిజం.

*

చిన్నపుల్లయ్య లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, గోతం భుజాన వేసుకున్నాడు.

“నేను పోతా అక్కా. ఒకరి కడుపు కొట్టి ఆడేదేం ఆట? ఏదో టాక్సీ దొరుకుతాది.”

“ఎక్కడికి? ఆ డ్రమ్ముల దగ్గరికా?”

“అలవాటే గదా.” అలవాటే అన్నాడు గానీ అడుగు పడలేదు. తలుపు దగ్గరే నిలబడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత మనుషుల మధ్య కూర్చుని తిన్న అన్నం అది. మళ్లీ ఆ ప్లాస్టిక్ డేరాల్లోకి వెళ్తే కఫీల్ ఇంకోసారి మనసు కరిగించుకుంటాడన్న నమ్మకం లేదు.

దుర్గ అతన్నీ చూసింది, తమ్ముణ్ణీ చూసింది. ఒకడు నిలబడితే ఇంకొకడు పడిపోవాలి. ఈ లెక్క ఎవరు వేశారో గానీ ఇద్దరిలో ఒక్కడూ వెయ్యలేదు.

“కూచో బాబూ. కాసేపాగు.”

ఫోన్ తీసింది.

“ఎవరికే?” సత్యనారాయణ సగం లేచాడు.

“మామాకి. గది ఎటువైపిత్తాదో కనుక్కుంటాను.”

“ఇప్పుడెందుకు? రేపు ఎల్లినప్పుడు...”

ఆమె అప్పటికే నొక్కేసింది. అవతల పిల్లల అల్లరి, టీవీ శబ్దం, వాటి మధ్య మామా గొంతు. ఇన్నేళ్ల వంటింటి అరబ్బీలో దుర్గ తడుముకోకుండా అడిగింది: నేను మీ ఇంట్లోనే ఉండిపోవాలని మీరన్నారట, ఎప్పటి నుంచి రావాలి?

ఫోన్ స్పీకరు మీద ఉంది. అక్కడున్న ముగ్గురు మగవాళ్లకీ ఆ మాత్రం అరబ్బీ వచ్చు.

“షునూ? నేనన్నానా?” మామా ఆశ్చర్యపోయింది. “లా, లా, కాదు దుర్గా! నీకు ఇల్లుంది, మొగుడున్నాడు, నేనెందుకు అడుగుతాను? నీ మొగుడే అన్నాడు. డ్రైవరు సంగతి చూద్దాంలే అన్నాను నేను. నా బావమరిదిని తీసుకుంటే నా భార్య రాత్రింబవళ్లు మీ ఇంట్లోనే ఉంటుందన్నాడు. నువ్వు నోరు తెరిచి అడగలేక అతని చేత అడిగించావనుకున్నాను.”

దుర్గ మొగుడి వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కనిపించలేదు.

సుబ్బు మాత్రం చూశాడు. “బావా,” అన్నాడు.

“ఆవిడ తటపటాయించింది రా,” సత్యనారాయణ నేల చూపులు చూస్తూ గొణిగాడు. “ఆ ఒక్క మాటతో నీ పని అయిపోద్దనుకున్నాను. చలికాలం అయ్యాక మీ అక్కకి అక్కడ ఉండటం మెల్లిగా మాన్పించేద్దామని...”

“దుర్గా, ఉన్నావా?” ఫోన్లో మామా పిలుస్తోంది. “నువ్వు ఉండొద్దు. కానీ డ్రైవరు నిజంగానే కావాలి. ఉన్నవాడు వెళ్లిపోతున్నాడు. మీవాళ్లలో మంచివాడుంటే ఇప్పుడే చెప్పు, లేకపోతే వేరే చోట అడుగుతాను.”

“ఒక్క నిమిషం మామా.”

ఫోన్ ఒళ్లో పెట్టుకుని దుర్గ మొదటిసారి మొగుడి కళ్లలోకి చూసింది.

“కంపెనీలో ఒకళ్లు ఖాళీ చేత్తే ఇంకొకళ్లొత్తారు. అంతేనా?”

“అంతే.”

“ఆ ఖాళీ సుబ్బే చెయ్యాలని రాసుందా?”

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

“దుర్గా, నేను స్టోర్‌కీపర్ని.”

“మీకు లైసెన్సుంది. వఫ్రా దాకా వారం వారం తోలేరు. మిష్రిఫ్ ఎంత దూరం? ఏసీ కారన్నారు. మంచి పనన్నారు. అంత మంచి పని ఊరికే ఎందుకొదులుకోవాలి?” ఆమె గొంతులో వెటకారం లేదు. అలసట మాత్రమే ఉంది. “సుబ్బు పని సుబ్బుకే ఉంటాది. ఈ అబ్బాయికి మీ ఖాళీ వత్తాది. ఎవరూ విమానం ఎక్కక్కర్లేదు, ఎవరూ తోటకి తిరిగెళ్లక్కర్లేదు.”

“మరి శుక్రవారాలు...” అనబోయి సత్యనారాయణ ఆగిపోయాడు.



“అక్కా, వద్దు,” అన్నాడు సుబ్బు. “బావ లేకపోతే జట్టే లేదు. నేనే ఎల్తాను.”

“నువ్వు మాట్లాడకు.”

చిన్నపుల్లయ్య గోతం కింద పెట్టాడు. మళ్లీ ఎత్తుకున్నాడు. ఏది మర్యాదో అతనికి తోచడం లేదు.

“దుర్గా!” మామా గొంతు ఈసారి కొంచెం విసుగ్గా వచ్చింది. “యల్లా, నాకు పనుంది. డ్రైవరు ఉన్నాడా లేడా? పేరు చెప్పు.”

దుర్గ ఫోన్ తీసి మొగుడి ముందుకి చాపింది.

“పేరడుగుతోంది. ముందు కూడా మీరే మాట్లాడేరు కదా. ఇప్పుడూ మీరే చెప్పండి.”

సత్యనారాయణ ఎంగిలి చెయ్యి ఎండిపోయి ఉంది. ఎడమ చేత్తో ఫోన్ అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. బావమరిది వైపు చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డవాడి వైపు చూశాడు. భార్య వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

“హలో, మామా,” అన్నాడు.